నలభయ్యో జత

“జతగా అమ్మొద్దు,” అంది దోన్యా ఎల్బియా. “విడగొట్టి అమ్ముదాం.”

రొమీనా ఫోన్లోంచి తలెత్తింది. మోంతెవిదేయో నగరంలో గుండీలు, దారాలు అమ్మే దోన్యా ఎల్బియా కొట్టులో చేరి మూడు వారాలైంది. కొట్టు పేరు నలుగురి నోళ్లలో పడేలా వీడియోలు తీయడం తన పని. ఇప్పటిదాకా గుండీల చేత డాన్సు చేయించింది. గుండీలకు మీసాలు గీసింది. చూసినవాళ్లు పదకొండు మంది. అందులో ఇద్దరు సొంత అక్కలు.

“ఒంటి గుండీ ఎవరు కొంటారు దోన్యా? దాన్నేం చేసుకుంటారు?”

“రెండోది ఎవరి దగ్గరుందో అని కొంటారు.” ముసలావిడ మాతే ఆకు నానబెట్టి తాగే బుర్రలో ఫ్లాస్కు వంచి వేడినీళ్లు పోసుకుంది. “ఒకటి ఒకరికి పంపుదాం. జోడీ ఇంకొకరికి. ఎవరికి పంపామో చెప్పం. వెతుక్కుని ఇద్దరూ కలిసి కొట్టుకొస్తే ఊరికే కుట్టిపెడతాం, గోడ మీద ఫొటో పెడతాం. విడిపోయిన జత కనిపిస్తే జనానికి మనసు ఊరుకోదు పిల్లా.”

రొమీనా ఆ పూటే వీడియో తీసింది.

“ఆ కొక్కేనికున్న పాత కోటు వీడియోలో పడనివ్వకు,” అంది దోన్యా ఎల్బియా. “ గుండీల కొట్లో గుండీలూడిన కోటా! పరువేం కాను?”

సంబంధాలు కుదిర్చే పెద్దమనిషిలా గొంతు మార్చి చదివింది రొమీనా. “నీలం రంగు. నాలుగు కన్నాలు. నెమ్మదస్తుడు. అంచున చిన్న పగులుంది, దాపరికం లేదు. జోడీ ఈ దేశంలోనే ఎక్కడో ఎదురుచూస్తోంది.”

మర్నాడు మధ్యాహ్నానికి నలభై వేలమంది చూశారు.

వారంలో డెబ్బై ఎనిమిది మంది పేర్లిచ్చారు. ముప్పై తొమ్మిది జతలు.

“నలభై రాసుకో,” అంది దోన్యా ఎల్బియా. “నువ్వు భోజనానికెళ్లినప్పుడు ఇద్దరు వచ్చి పేర్లిచ్చారు.”

కవర్ల మీద అడ్రసులన్నీ ఆవిడే రాసింది. అచ్చు అక్షరాలకు మొహం ఉండదట.

ఇక దేశమంతా గుండీల గోల. బస్సుల్లో, బేకరీల్లో ఒకరి గుండీ ఒకరికి చూపించుకున్నారు. పద్నాలుగో జతవాళ్లు ఆరేళ్లుగా ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతున్నారని తేలింది. ఇరవయ్యో జతలో ఒకాయన పెన్యరోల్ ఫుట్‌బాల్ జట్టు మనిషి, ఇంకొకాయన దాని ఆగర్భశత్రువు నసియొనాల్ మనిషి. మామూలుగా అయితే ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్లు. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని ఫొటో దిగి, దోన్యా ఎల్బియా నూనెలో వేయించిన తోర్తా రొట్టెలు చెరో నాలుగు తినిపోయారు. గోడ నిండింది. కొట్టు బయట వరస కట్టారు.

ఒక్క గడి ఖాళీ. నలభై.

“నలభై ఏమైంది?” ముందు ఎవరో సరదాకి అడిగారు. తర్వాత అందరూ అడిగారు. చివరికి ‘అంతా బూటకం’ అని పేరు పెట్టుకున్న ఓ మహానుభావుడు తగులుకున్నాడు. నలభయ్యో జత అసలు లేదు, ముసలావిడ మన చెవిలో పూలు పెడుతోంది అని రాశాడు. దానికి ఎనిమిది వేల లైకులు. వరస పలచబడింది. ఒకామె గుండీ తెచ్చి బల్ల మీద పడేసి, “మోసం” అనేసి వెళ్లిపోయింది.

శనివారంతో ఆట ముగుస్తుందని రొమీనాయే ప్రకటించింది. ఇప్పుడు ఆ శనివారమే గొంతు మీద కూర్చుంది. తన జీవితంలో పేలిన మొదటి వీడియో, తుస్సుమనేలా ఉంది.

దోన్యా ఎల్బియాకి బెంగ ఇంకా ఎక్కువ. పొద్దున తలుపు తియ్యగానే ఒకటే మాట. “నలభై?”

“రాలేదు దోన్యా.”

“ఫోను సరిగ్గా చూశావా?”

“ఇంకెలా చూడాలి, భూతద్దం పెట్టా?”

శుక్రవారం రొమీనా గొంతు తగ్గించి అంది, “నా కజిన్ ఒకడున్నాడు. ఎదురింటి టీచరమ్మ కూడా సరే అంది. ఇద్దరికీ చెరో గుండీ ఇచ్చి నిలబెడదాం. ఎవరికి తెలుస్తుంది?”

“నోర్మూయ్!”

ముసలావిడ అరవడం రొమీనా అంతవరకూ వినలేదు.

“మిగతావాటి గురించి ఎన్ని కోతలైనా కొయ్యి పిల్లా. నలభై జోలికి మాత్రం రాకు.”

శనివారం వాన. దోన్యా ఎల్బియా పొద్దున్నే పిండి కలిపింది. తోర్తాలు వేయించింది, చల్లారిపోయాయి. మళ్లీ వేయించింది. తలుపు గంట మోగినప్పుడల్లా రొమీనా లేచింది, కూర్చుంది. జిప్పు కోసం ఒకరు. దారం కోసం ఒకరు. వాన తగ్గేదాకా నిలబడడానికి ఒకరు.

అయిదున్నరకి ఒకావిడ లోపలికొచ్చింది. యాభై దాటి ఉంటాయి, చేతిలో దూరపు బస్సు టికెట్టు తడిసి ముద్దయింది. ఆవిడ తర్వాత బట్టతలాయన ఒకరు. ఇద్దరి మధ్యా కొట్టంత ఎడం. ఒకరి వైపు ఒకరు చూడలేదు.

ఆవిడ పిడికిలి విప్పి బల్ల మీద గుండీ పెట్టింది. కొమ్ముతో చేసిన గోధుమరంగు గుండీ, అంచు అరిగింది. ఆయన జేబులోంచి ఇంకోటి తీసి దాని పక్కన పెట్టాడు. అదే కొమ్ము. అదే అరుగుదల.

“నలభై!” రొమీనా ఎగిరి గంతేసి ఫోను పైకెత్తింది. అప్పటికే లైవులో వేలమంది. “ఎలా పట్టుకున్నారండీ ఒకరినొకరు? ముందే పరిచయమా? చెప్పండి, అందరూ వింటున్నారు!”

దోన్యా ఎల్బియా మాతే బుర్ర అంచు దాటి వేడినీళ్లు బల్ల మీద పారుతున్నాయి. ఆవిడ ఫ్లాస్కు వంచే ఉంది.

వచ్చినావిడ కొక్కేనికున్న పాత కోటు వైపు చాలాసేపు చూసింది.

“అమ్మా, నాన్న కోటు దించు,” అంది దోన్యా ఎల్బియాతో, “సూదిలో దారం తమ్ముడు ఎక్కిస్తాడు, నాకు ఈ మధ్య కళ్లు ఆనడం లేదు.”