బదులు పలికే అంబాసిడర్

గుంటూరు అరండల్‌పేటలో బండ్లన్నీ మాట నేర్చిన రోజులవి. రోడ్డు పక్కన ఆగిన ప్రతి బండినీ గంటకోసారి వీధి స్తంభం పలకరిస్తుంది. దానికి చెవులే కానీ కళ్లు లేవు. బదులు పలకని బండిని తుక్కు కింద ఎత్తుకుపోతారు. బాపినీడు గారి తాతల నాటి అంబాసిడర్‌కు హారన్ తప్ప నోరు లేదు. అందుకని ఆయనే పొద్దస్తమానం వెనక సీట్లో నక్కి, దాని తరఫున పలికేవాడు.

ఆ ఉదయం భార్య సామ్రాజ్యం ఉప్మా గిన్నెతో వచ్చేసరికి స్తంభం అడుగుతోంది.

"బండి గారూ, మీ యజమాని కులాసాయేనా?"

బాపినీడుకు నాలుక దురద పెట్టింది. "ఏం చెప్పమంటావు తల్లీ! నిన్ననే పోయాడు. ధర్మాత్ముడు."

"అయ్యో! యజమాని లేని బండి రోడ్డు మీద ఉండకూడదండీ."

స్తంభం పైనుంచి బండ్లను ఎత్తుకుపోయే ఇనుప కొక్కెం దిగింది. బాపినీడు గబుక్కున బయటికి దూకాడు.

"ఒసేయ్, ఎగతాళికన్నానే! నేనే యజమానిని! బతికే ఉన్నా!"

"గొంతు బండిదేనండీ. నెల నుంచీ వింటున్నాను."

"సామ్రాజ్యం, నువ్వైనా చెప్పవే!"

"నిజమేనమ్మా, నా మొగుడు నిక్షేపంలా ఉన్నాడు. నోటిదూలే ఎక్కువ."

"దుఃఖంలో ఉన్నారు, కూర్చోండమ్మా," అంది స్తంభం.

అంబాసిడర్ నాలుగు చక్రాలూ నేల విడిచాయి. బాపినీడు బంపరు పట్టుకుని వేలాడుతూ కేకలు పెట్టాడు.

"ఊరుకోండి బండి గారూ," అంది స్తంభం మెత్తగా. "యజమాని పోయిన బండ్లన్నీ మొదట ఇలాగే అంటాయి."