మిషన్ కుట్టు

“ఇది చేత్తో నొక్కింది కాదు. మిషన్‌తో నొక్కింది,” అన్నాడు టైలర్, ఫోన్‌లో వీడియో ఆపి.

కాజాలు కుడుతున్న భార్య తల ఎత్తలేదు. “నాలుగేళ్ళుగా ఒకటో నంబరు మీరే. ఎవరో రెండు నిమిషాలు ముందు ముగించేసరికి అది మిషనయిపోయిందా?”

మాట సూటిగానే తగిలింది. మామూలుగా అరవై గంటలు పట్టే రాకుమారుడి వీడియో గేమును రెండు గంటల్లో ముగించేవాళ్ళకు ఒక పట్టిక ఉంది. స్పీడ్‌రన్ అంటారు ఆ పిచ్చిని. అందులో పేరు ఎక్కాలంటే ముగ్గురు పరీక్షకులు వీడియో చూసి ఒప్పుకోవాలి. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడోవాడు టైలర్. కింద పడబోయే పేరు కూడా అతనిదే.

ఆ వీడియో చూడటం అతనికిది పదకొండోసారి. ఆడినవాడి పేరు గూటిపిట్ట అని మాత్రమే ఉంది. ఆట చూస్తే కడుపు నిండిపోతుంది. రాక్షసుడి జోలికి పోకుండా, ఆట తయారుచేసినవాళ్ళు గోడలో మూయడం మరిచిపోయిన సందులోంచి దూరిపోయాడు. కోట దాకా నడిస్తే ఆలస్యమని తోడేళ్ళకు కావాలనే ప్రాణం అప్పజెప్పి, కోట పక్కనే మళ్ళీ లేచాడు. చచ్చి మరీ అడ్డదారి పట్టిన మొండిఘటం. టైలర్‌కు కుళ్ళు లేకపోలేదు గానీ, ముచ్చటే ఎక్కువ.

చిక్కంతా వంతెన దగ్గర వచ్చింది. అక్కడి కాపలావాడు ఉత్త వాగుడుకాయ. అతని మాటలు నూట నలభై ముక్కలుగా తెరమీద పడతాయి. బటన్ నొక్కితే గాని ఒక్క ముక్కా కదలదు. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా సగానికొచ్చేసరికి బొటనవేలు లాగేస్తుంది, వేగం తగ్గుతుంది. గూటిపిట్టకు తగ్గలేదు. సెకనుకు ఏడు. మొదట ఏడే, చివరా ఏడే. ఆటలో ఇలాంటి వాగుడుకాయలు నలభై మంది ఉన్నారు, అందరి దగ్గరా అంతే.

“నువ్వే చెప్పు. చేతికుట్టు ఎప్పుడైనా ఇంత సమంగా పడుతుందా?”

భార్య లేచి వచ్చి ఫోన్‌లోకి తొంగి చూసింది. చాలాసేపే చూసింది.

“పడదు,” అంది.

బటన్ దానంతటదే నొక్కుకునే కంట్రోలర్ వాడితే పట్టికలోంచి పేరు తీసేస్తారు. మళ్ళీ జన్మలో ఎక్కించరు. చేతులు కనబడేలా ఇంకో వీడియో పంపమని టైలర్ రాశాడు. గంటలో జవాబొచ్చింది. ‘చేతులు లోకానికి చూపించనండీ. మీదీ ఈ ఊరేనని విన్నాను. మీరొక్కరూ ఇంటికి రండి.’ కింద అడ్రసు. నాలుగు వీధుల అవతలే.

“దొంగ కాకపోతే చేతులు దాచుకోవడం దేనికి?”

“దొంగయితే ఇంటికి పిలుస్తాడా? వెళ్ళి చూసి రండి. చూడకుండా కొట్టిపారేశారంటే నాలుగేళ్ళ పేరూ మీకు చేదెక్కిపోతుంది,” అంది భార్య.

మర్నాడు మధ్యాహ్నం దుకాణం ఆమెకు అప్పగించి, తన సొంత కంట్రోలర్ సంచిలో వేసుకుని వెళ్ళాడు. రెండో అంతస్తు. ఒకమ్మాయి తలుపు తీసి, “నాన్నా, ఆయనొచ్చారు,” అంది.

కిటికీ పక్కన టీవీ, దానికెదురుగా పాత సోఫా. అందులో యాభై అయిదేళ్ళ మనిషి, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని కూర్చున్నాడు. తల ఊపాడే గాని చేతులు విప్పలేదు. ఇంత పొగరేమిటని టైలర్‌కు ఒళ్ళు మండింది.

“ఏం పని చేస్తుంటారు?”

“గడియారాలు బాగుచేసేవాణ్ణండీ. మానేశాను.”

“మంచి పనే. ఎందుకు మానేశారు?”

ఆయన చేతులు చంకల్లోకి ఇంకా బిగించుకున్నాడు. కూతురు వంటింట్లోకి చూసింది.

టైలర్ సంచిలోంచి కంట్రోలర్ తీశాడు. “మీది వద్దు. దీంతో ఆడండి. వంతెన దగ్గర్నుంచి చాలు.”

“ఆడతాను. కానీ మీరు తెర చూడండి. చేతులకేసి చూస్తుంటే నాకు సాగదు.”

తన కంట్రోలర్‌లో మిషనేదీ లేదని టైలర్‌కు తెలుసు. మోసం ఇప్పుడే తేలిపోతుందనుకుని, ఆయనకు వీపు పెట్టి టీవీ వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

వంతెన వచ్చింది. కాపలావాడు నోరు తెరిచాడు. వెనకనుంచి టకటక మొదలైంది.

అయిదు సెకన్లు. పది. పదిహేను. టైలర్ వాచీ చూసుకుంటూ లెక్కపెట్టాడు. సెకనుకు ఏడు. ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. ఇరవయ్యో సెకనుకి కాపలావాడు పక్కకి జరిగాడు. రాకుమారుడు వంతెన దాటేశాడు.

నాలుగేళ్ళపాటు రోజూ పొద్దున లేచి బంతి నొక్కి సాధన చేసిన వేలు తనది. అది ఈయన వేలి ముందు చిన్నపిల్ల. పేరు పోయిందన్న బాధ ఎంత వెతికినా దొరకలేదు. ఇలాంటి చెయ్యి ఒకటుందని తెలిసినందుకు సంతోషమే వేసింది.

“నన్ను క్షమించాలండీ. మీ మీద అనుమానపడ్డాను. ఇవాళే పట్టికలో మీ పేరు పైన పెడతాను,” అన్నాడు తెరకేసి చూస్తూనే. “ఇంత సాధన ఎన్నేళ్ళు చేశారో గానీ, నా జన్మలో ఇలాంటి చెయ్యి చూడలేదు. ఇక చాలండీ, ఆపండి.”

“ఆపేశానండీ,” అన్న మాట విని టైలర్ వెనక్కి తిరిగేసరికి, కంట్రోలర్ సోఫా మీద పడి ఉంది. ఆయన చెయ్యి మాత్రం ఖాళీగా మోకాలి మీద అదే లెక్కన వణుకుతూనే ఉంది.