కొక్కెం

"ఇంకో అడుగు ముందుకేత్తే కోసేత్తాను!" వాసు అరిచాడు.

ఎవరూ వేయలేదు. చేపల హార్బరు మొత్తం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అంతవరకు గొంతు చించుకున్న వేలంపాటవాడు కూడా పాట ఆపేశాడు. జెట్టీ చివర, పడవకి వీపు పెట్టి నిలబడ్డాడు వాసు. ఎడమచెయ్యి ధనశ్రీ నడుం చుట్టూ ఉంది. కుడిచేతిలో చేపలు కోసే కత్తి ఆ పిల్ల గొంతు మీదుంది.

గంజాయి మూటల కేసులో వాసు కోసం పోలీసులు ఐసు ఫ్యాక్టరీకి వచ్చారు. వాడు గోడ దూకి జెట్టీ మీదకి పరిగెత్తాడు. దారిలో ధనశ్రీ దొరికింది. అంతే, వేరే పగేమీ లేదు పాపం. కానిస్టేబులు ఉద్యోగం కోసం రోజూ తెల్లారేసరికి బీచి రోడ్డులో పరుగు ప్రాక్టీసు చేసే పిల్ల అది. ఇప్పుడు ఒక్క అడుగు వేయలేక కొయ్యబారిపోయింది. తండ్రి జగ్గయ్య చూస్తే వేటకెళ్ళి ఇంకా సముద్రం మీదే ఉన్నాడు.

పోలీసులు సన్యాసమ్మకి కబురు పెట్టి, రాగానే ముందు నిలబెట్టారు. పడవల్లోంచి చేపల ట్రేలు లాగే పని ఆవిడది. తాడు చివర ఇనుప కొక్కెం కట్టి విసిరిందంటే, ఎంత బరువు ట్రే అయినా తగులుకుని రావలసిందే. కబురు వినగానే పని మధ్యలోంచి పరిగెత్తుకొచ్చింది. తాడూ కొక్కెం ఇంకా భుజం మీదే ఉన్నాయి.

పొద్దున్నేగా చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ కోసి, దగ్గర కూర్చుని తినిపించింది! ఇంతలోకే ఏ తల్లీ చూడకూడనిది చూడాల్సి వచ్చింది.

"మాట్లాడమ్మా," అన్నాడు ఎస్సై ఉమామహేష్. "నీ ఏడుపు చూసైనా కరుగుతాడేమో."

"ఒదిలేయ్ నాయనా! నీకు దండవెడతాను. ఆ గొంతు మీంచి కత్తి తీసేయ్!"

వాసు ఆవిడ వైపు చూడనైనా లేదు. "ముందు ఇంజను ఏయించండి! సముద్రం మీదకెళ్ళాక ఒదుల్తాను."

ఎస్సై సెల్లు చెవికి ఆనించుకుని గొంతు తగ్గించాడు. "పడవలోకి కాలు పెట్టేటప్పుడు వాడి తల పక్కకొస్తుంది. అప్పుడే కొట్టు. తలకే."

ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఓ పోలీసు తుపాకీతో బోర్లా పడుకుని ఉన్నాడు. హార్బరంతా కత్తినే చూస్తోంది. సన్యాసమ్మ మాత్రం ఆ తుపాకీనే చూస్తోంది.

"తుపాకీ ఒద్దు బాబూ!" ఎస్సై చెయ్యి పట్టుకుంది. "ఆడు కొయ్యడు. రగతం సూత్తే కళ్ళు తిరిగి పడిపోతాడు. అందుకే కదా ఏటకెళ్ళకుండా ఐసు పనికి కుదిరేడు. ఎవులినైనా అడుగు."

అబద్ధం కాదు. వాసు ఎదురుగా కావాలని వంజరం చేప కోసి, వాడు తూలిపోతుంటే పడీ పడీ నవ్వడం హార్బర్లో అందరికీ ఓ సరదా.

"ఆ కబుర్లు నమ్మి పిల్ల ప్రాణం వాడి చేతిలో పెట్టమంటావా?" ఎస్సై చెయ్యి విదిలించుకున్నాడు. "పడవ కదిలిందంటే ఇంక మనం చెయ్యగలిగేదేం లేదు. పక్కకి జరుగు."

వెనక గుంపులో ఎవడో గుసగుసలాడాడు. "సినిమాల్లో అయితే ముందు ఆ గుంట కాలికే కాలుత్తారు బావా. అది కూలబడిపోద్ది. ఈడికి అడ్డు పోద్ది."

"నోర్ముయ్యెహె! మనింటి పిల్లయితే అంటావా ఆ మాట?"

సన్యాసమ్మ ఏడుపు ఆగిపోయింది.

వాసు వెనక్కి జరుగుతున్నాడు. ధనశ్రీ చెప్పులు ఎప్పుడో ఊడిపోయాయి. పాదాలు సిమెంటు మీద ఈడ్చుకుపోతున్నాయి. సన్యాసమ్మ కళ్ళు ఆ పిల్ల పిక్క మీద నిలిచాయి. చెయ్యి దానంతటదే భుజం మీది తాడు దించింది.

వాసు పడవ అంచు మీద ఒక కాలు పెట్టాడు. మేడ మీద తుపాకీ కొంచెం కదిలింది.

కొక్కెం గాల్లోకి లేచింది.

ధనశ్రీ పిక్కలో దిగబడింది. సన్యాసమ్మ ఆగలేదు. ట్రే లాగినట్టే రెండు చేతులా తాడు లాగింది. ఆ పిల్ల పెట్టిన కేకకి గుండెలు అవిసిపోయాయి. పిక్క చీలి, రక్తం ధారగా జెట్టీ మీదకి కారింది.

వాసు కిందకి చూశాడు. వాడి మొహం తెల్లగా పాలిపోయింది. వేళ్ళు వదులయ్యాయి. కత్తి సిమెంటు మీద ఠంగుమని పడింది. ఆ వెంటనే వాడూ మోకాళ్ళ మీద కూలిపోయాడు.

"కత్తి పడిపోయింది బాబూ! కాల్చకండి! కాల్చకండి!" మేడ వైపు రెండు చేతులూ ఊపుతూ సన్యాసమ్మ అడ్డంగా పరిగెత్తింది.

"కాల్చొద్దు!" ఎస్సై అరిచాడు. పోలీసులు వాసు మీద పడ్డారు.

గండం గడిచింది. కానీ ఒక్కరి మొహంలోనూ సంతోషం లేదు. చేపలమ్మే దేముడమ్మ తన చీర కొంగు చింపి ధనశ్రీ కాలికి కట్టింది. గుడ్డ క్షణంలో తడిసిపోయింది. "ఎంత పని సేసేవే సన్యాసమ్మా! ఈ కాలితో ఇంకేటి పరిగెడతాదే ఈ పిల్ల?"

"అమ్మా... అమ్మా..." అని ఏడుస్తూ ధనశ్రీ చెయ్యి చాపింది.

సన్యాసమ్మ ఆ పరాయి పిల్ల చేతిని దాటుకుంటూ వెళ్ళి, "బతికిపోయావురా కొడకా, మీయమ్మ ఉండగా నీకేటీ అవనిత్తానేటి" అంటూ, బేడీలు పడ్డ వాసు తలంతా రెండు చేతులతో తడిమి చూసుకుంది.