కుళాయి చప్పుడు

"చుక్క నీరు పట్టావంటే ఊరుకోను!"

అత్త కోడలి చేతిలోని గ్లాసు లాక్కుని సింకులో పారబోసింది. "పైనుంచి పోస్తుంటే కిందనుంచి పోక ఏం చేస్తుంది? కడుపు ఎండగట్టాలి. అప్పుడే విరేచనాలు కట్టేది."

పొద్దుటినుంచి పిల్లాడికి విరేచనం కావడం అది ఏడోసారి. ఏడాది వాడు తల్లి భుజం మీద తోటకూర కాడలా వేలాడుతున్నాడు. ఏడుస్తున్నా కంట్లో నీళ్లు రావడం లేదు.

ఎదురు చెప్పే ధైర్యం కోడలికి పుట్టుకతోనే లేదు. బుర్ర మాత్రం ఉంది. టీకాలు వేసే నర్సు ఇచ్చిన ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు ఆమె బట్టల పెట్టె అడుగున ఉన్నాయి. రోజుకొకటి లీటరు మంచినీళ్లలో కలిపి, సీసాను స్నానాల గదిలో సబ్బుపొడి డబ్బా వెనక దాచింది. పిల్లాడికి విరేచనమైన ప్రతిసారీ కడగడానికని తీసుకెళ్లి, గడియ పెట్టి, కుళాయి ధారగా వదిలి, ఆ చప్పుడు చాటున చెంచా చెంచా పట్టింది.

"కడగడానికి ఇంతసేపా?" తలుపు అవతలినుంచి అత్త.

"ఒళ్లంతా అంటుకుందత్తయ్యా!"

నాలుగో రోజుకి పిల్లాడు లేచి వంటింట్లో గిన్నెలన్నీ బోర్లించాడు. ఇక అత్తకు పట్టపగ్గాల్లేవు. "మూడు రోజులు చుక్క ముట్టనివ్వలేదు. చూశారా మరి!" అని వీధంతా చాటింది.

ఆ మర్నాడే పక్కింటావిడ పది నెలల పాపను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. పాపకూ విరేచనాలే, కళ్లు లోతుకు పోయాయి.

"నాలుక పిడచకట్టుకుపోతోంది పిన్నిగారూ. ఒక్క చెంచా పట్టనా?"

"పట్టావా, చేజేతులా చంపుకున్నట్టే! మా కోడలిది మాత్రం తల్లి మనసు కాదూ? గుండె రాయి చేసుకుంది. కావాలంటే దాన్నే అడుగు."

పక్కింటావిడ కోడలి వైపు తిరిగింది. "నిజంగా ఏమీ పట్టలేదా చెల్లీ? నువ్వు చెబితే నమ్ముతాను."

మిగిలిన పొట్లం కోడలి కళ్లముందు మెదిలింది. నోరు తెరిచింది. అత్త చూపు ఆ నోటి మీదే ఉంది.

"పట్టలేదక్కా."

సాయంత్రం అత్త కునుకు తీసినప్పుడు ఆ పొట్లం చాటుగా ఇచ్చి రావచ్చులే అనుకుంది పిరికిది. ఆ సాయంత్రం అత్తకు కునుకు పట్టలేదు. వీధి గుమ్మంలోనే కూర్చుని వచ్చేపోయేవాళ్లకు తన వైద్యం గురించి చెబుతూ ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి పక్కింట్లో ఏడుపులు మొదలయ్యాయి.

అత్త వెళ్లి చూసి వచ్చింది. కోడలు పొట్లాన్ని గుప్పిట్లో నలుపుతూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

అత్త కొంగుతో కళ్లొత్తుకుని నిట్టూర్చింది. "చెప్పిన మాట వినే బుద్ధి అందరికీ నీలా ఉంటుందా? తలుపేసుకుని చాటుగా నీళ్లు పట్టేసి ఉంటుంది."