స్నానాలగది కుళాయి

డొంకరాయి ప్రాజెక్టు కాలనీలో చివరి బంగళా ఏడాదిగా మూతపడి ఉంది. తెల్లారితే కొత్త ఇంజనీరు దిగుతాడని, కుళాయిలు తోమడానికి తవిటమ్మను ఆ సాయంత్రం పంపారు. ఆమె మొగుడు సోములు అక్కడే వాచ్‌మన్. ఎలుగుబంటి తిరుగుతోందని తలుపుకు బయట గొళ్లెం పెట్టి, కిరసనాయిలు తేవడానికి వెళ్లాడు.

లాంతరు వెలుగులో వంటింటి కుళాయికి చింతపండు పట్టించి, బూడిదతో రుద్దింది. చిలుమంతా వదిలి ఇత్తడి మెరిసేసరికి బయట చీకటి పడిపోయింది.

తర్వాత స్నానాలగది తలుపు తోసింది. నేల మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. అందులో ఒక్క అడుగుజాడ కూడా లేదు. కుళాయి మాత్రం తళతళలాడుతోంది. ముట్టుకుంటే వేలికి చింతపండు గుజ్జు అంటింది. ఇంకా తడిగానే ఉంది.

ఇంతలో వాకిట్లో సోములు దగ్గు వినిపించింది. తవిటమ్మ ఒక్క పరుగున వీధి తలుపు దగ్గరికి వచ్చింది.

"మావా, తానాలగది కుళాయి నువ్వు తోమినావేటి?"

"నానెందుకు తోముతానే? లోపలికి రానే నేదు."

"బేగి తలుపు తియ్యి మావా, బయమేత్తంది!"

"గొళ్లెం ఇప్పుడే తీసేసినాను. లోపల గడియ ఎట్టుకుంది నువ్వే కదేటే?"

ఆమె లాంతరు ఎత్తి చూసింది. తను ముట్టనైనా ముట్టని గడియ బిగించి ఉంది. రెండు చేతులతో లాగింది. గడియ నిండా గుజ్జు, వేళ్లు జారిపోయాయి.

సోములు తలుపు బాదుతున్నాడు. అతను ఆగినప్పుడల్లా, స్నానాలగదిలోంచి ఎవరో నిదానంగా ఇత్తడి రుద్దుతున్న చప్పుడు వస్తోంది.

కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. అప్పుడు అరిచింది తవిటమ్మ.