అత్త పెట్టిన పథ్యం

కాపురానికొచ్చిన నెలలోపే లోకేశ్వరి కంచంలోంచి అన్నం మాయమైంది.

తీసేసింది అత్త వెంకటమ్మాళే. కొత్త కోడలికి కోయంబత్తూరులో ఒళ్ళంతా చెకప్పు చేయించి, ఇల్లు చేరగానే బియ్యం డబ్బా అటకెక్కించింది.

"కడుపులో కొవ్వు పట్టిందంట కణ్ణు. ఇంక కూడు ఒద్దు, ఇడ్లీ ఒద్దు, చక్కెర ఒద్దు. గుడ్లు తిను, చేప తిను, ఆకుకూర తిను. నువ్వు నూరేండ్లు బతకాల."

లోకేశ్వరికి కళ్ళు చెమ్మగిల్లాయి. అన్నం పోయిందని కాదు. తల్లి పోయాక మేనమామ ఇంట్లో పెరిగిన పిల్ల. అక్కడ అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన మెతుకుల్లో నీళ్ళ మజ్జిగ కలుపుకునేది. బొద్దుగా ఉంటుందని 'మూట' అని పిలిచేవాళ్ళు. తిన్నావా అని అడిగిన మనిషి లేడు. అలాంటి పిల్లను పోదనూరులో అంత కలిగిన ఇంటివాళ్ళు జాతకమైనా అడక్కుండా చేసుకున్నారంటే చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు.

భర్త విగ్నేశ్ పెళ్ళయిన వారానికే యాలకుల వ్యాపారం చూసుకోవాలని బోడినాయకనూరు వెళ్ళిపోయాడు. ఫోన్ చేసేవాడు. రెండు మాటలకే గొంతు అలిసిపోయేది.

"కొండ చలి," అనేవాడు. "పథ్యం మాత్రం తప్పొద్దు లోకా."

మొదట్లో నరకమే. తల దిమ్ము, కాళ్ళ పీకుడు. కలలో కూడా పొగలు కక్కే అన్నం, దాని మీద పప్పు. ఒకనాడు పక్కింటి తిరుమలమ్మాళ్ ఇచ్చిన పొంగలిని వంటింటి మూల నిలబడి నోట్లో పెట్టుకోబోతుంటే అత్త చూసింది. అరవలేదు. గిన్నె తీసుకెళ్ళి కాకులకు వేసి, తిరిగొచ్చి కోడలి ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"నీకు ఏమన్నా అయితే ఈ ఇల్లు ఏమయిపోతాది?"

ఆ గొంతులో వణుకు నిజమైనదే. లోకేశ్వరి మళ్ళీ అన్నం వైపు చూడలేదు.

వెంకటమ్మాళ్ తానూ అన్నం మానేసింది. నువ్వు తినంది నా గొంతు దిగదంది. చేప ముల్లు తీసి కంచంలో పెట్టేది. పొద్దున్నే రైల్వే కాలనీ దారిలో పక్కన నడిచేది. కోడలికి జలుబు చేసినా మంచం దగ్గరి నుంచి కదిలేది కాదు. రవికలు వదులైతే తానే సూదీ దారం పట్టుకుని కుట్లు బిగించింది.

ఆకలేసినప్పుడల్లా తాను ఒకరికి కావలసిన మనిషినన్న సంగతి లోకేశ్వరికి గుర్తొచ్చేది. ఆ ఆకలి కూడా తియ్యగానే ఉండేది.

మళ్ళీ స్కానింగ్‌కు వెళ్ళారు. డాక్టరమ్మ తెర మీద అటూ ఇటూ చూసి తలాడించింది.

"కొవ్వు మొత్తం కరిగిపోయింది. చాలా బాగా చేశారు."

వెంకటమ్మాళ్ బావురుమంది. కోడలి నుదుట ముద్దు పెట్టుకుంది. తమ్ముడికి చెప్పి వస్తానని ఫోన్ తీసుకుని కర్టెన్ అవతలికి వెళ్ళింది.

లోకేశ్వరి పొట్ట మీది జిగురు తుడుచుకుంటూ నవ్వుకుంది. చెప్పకుండా బోడినాయకనూరు బస్సెక్కేసి విగ్నేశ్ ముందు నిలబడితే ఎలా ఉంటుంది? ఈ సన్నటి మనిషిని గుర్తుపడతాడా? ఎన్నాళ్ళు బతికినా ఈ రోజు మరిచిపోకూడదనుకుంది. తన కోసం ఒకరు ఏడవడం ఇదే మొదలు.

కర్టెన్ వెనక అత్త గొంతు తేలిగ్గా, నెమ్మదిగా వినిపించింది: "దీని లివరు శుభ్రమయిందంటరా తమ్ముడా, ఆస్పత్రిలో పడుండే మన విగ్నేశ్‌కు సగం కోసి పెట్టచ్చునంట, ఇది పనికిరాకపోతే వాడికి కట్టబెడదామని రక్తం సరిపోతాదో లేదో చూసిపెట్టుకున్న ఆ మేలూరు పిల్లను ఇంక ఒద్దని చెప్పేసెయ్."