తాడు రెండో కొస

ఇంకా పట్టుకోవాలా, వదిలెయ్యాలా?

హైరమ్ తనను తానే ప్రశ్నించుకున్నాడు. తాడు ఒక కొస అతడి పిడికిట్లో ఉంది. రెండో కొస ఉచ్చుగా టాన్సీ మెడ చుట్టూ బిగుసుకుంది. మధ్యలో విరిగిన మంచు, నల్లటి నీళ్లు. గుర్రం కళ్లు తేలేసింది. నాలుక పక్కకు వేలాడుతోంది. అయినా కదలలేదు.

కదలవద్దని నేర్పింది అతడే.

చలికి గడ్డకట్టిన కెన్నెబెక్ నది మీద ఐసు దిమ్మల కోతకు వచ్చే ప్రతి గుర్రం మెడలోనూ ఆ ఉచ్చు ఉంటుంది. నీళ్లలో పడిన గుర్రం బెదిరి కాళ్లు కొట్టుకుంటే మునిగిపోతుంది. ఉచ్చు బిగించి ఊపిరి ఆపితే కట్టెలా తేలుతుంది. అప్పుడు మిగతా గుర్రాలతో పైకి లాగించి, ఉచ్చు వదులు చేస్తారు. నిరుడు బిగించడానికి హైరమ్‌కు చెయ్యి రాలేదు. ఒక్క క్షణం తటపటాయించాడు. టాన్సీ తల్లి నది అడుక్కు పోయింది.

అందుకే ఈ శీతాకాలమంతా టాన్సీకి శిక్షణ ఇచ్చాడు. తాడు బిగిస్తే రాయిలా నిలబడాలి. సడలిస్తే వెనుదిరిగి పాకలోకి పోవచ్చు. అక్కడ ఆపిల్ ముక్క ఉంటుంది. టాన్సీ పది రోజుల్లో నేర్చుకుంది.

పొద్దున అతడు ఉచ్చు సరిచేస్తుంటే బామ్మర్ది ఒబెడ్ నవ్వాడు. "ఏం బావా, మా అక్క మెడలో ఎప్పుడైనా ఇంత మురిపెంగా ఏదన్నా కట్టావా?"

"మీ అక్క మెడ దాకా పోయే ధైర్యం నాకెక్కడిదిరా!"

గుమ్మంలో నిలబడ్డ హైరమ్ భార్య లుసిండా నవ్వలేదు. "మార్చి సగమైపోయింది. నది లోలోపల కరుగుతోంది. ఇవాళ పోకపోతే ఏం?"

"ఐసు దాచే కొట్టు ఇంకా నిండలేదే. ఈ ఒక్కరోజేనన్నాడు మేస్త్రీ."

"సరే, పో. నువ్వు రాకపోయినా ఆడపిల్లలిద్దర్నీ ఎలాగో సాకుతాను. టాన్సీని మాత్రం ఇంటికి చేర్చు. అది లేకపోతే రేపు నాగలికి నన్ను కడతావా?"

ఒబెడ్ పగలబడి నవ్వాడు. హైరమ్ కూడా.

మధ్యాహ్నం, అందరికీ దూరంగా, కోతకు గీతలు గీయాల్సిన చోట, తాడు కొస పిడికిట పట్టుకుని, రెండో చేత్తో గడ్డపలుగు పొడిచి మంచు మందం చూస్తూ నడిచాడు. ఒకచోట పలుగు వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. కాళ్ల కింద ఒక పెద్ద చప్పుడు. అంతే.

"బావా! పట్టుకో! వదలకు!"

ఒబెడ్ చెక్కలు భుజాన వేసుకుని పరుగెత్తుకొస్తున్నాడు. ఇంకా పావు మైలు ఉంది. హైరమ్ ఆ దూరాన్ని చూశాడు, తాడును చూశాడు. ప్రవాహం ఈడుస్తోంది. ప్రతి ఈడ్పుకూ ఉచ్చు మరికాస్త బిగుస్తోంది. టాన్సీని పేరు పెట్టి పిలుద్దామంటే చలికి దవడలు కరుచుకుపోయాయి. ఎక్కడో మంచు మళ్లీ చిట్లింది.

తాను దానికి నేర్పింది ఏమిటి? నొప్పిని ఓర్చుకోవడమా, తనను నమ్మడమా? గుర్రానికి ఆ తేడా తెలియదు. ఊపిరాడకున్నా అది అతడినే చూస్తోంది, ఎప్పుడు సడలిస్తావని అడుగుతున్నట్టు. తాడుకు రెండు కొసలుంటాయన్న సంగతి ఈ చలికాలమంతా తనకు ఒక్కసారీ తట్టలేదు.

టాన్సీని మాత్రం ఇంటికి చేర్చమన్న లుసిండా మాట గుర్తొచ్చింది. ఇప్పుడది హాస్యంగా లేదు. ఆమె దృష్టిలో పొద్దున కూడా హాస్యం కాదేమో.

నిరుటిలా తటపటాయించకూడదు అనుకున్నాడు.

మెడదాకా నీళ్లలో ఉన్న హైరమ్ పిడికిలి విప్పాడు.